చీమలు ఎక్కడ పోయినయి?

లాలాజల గ్రంథుల్లో అరుదైన కణితులు, వాటిని గుర్తుపట్టే పద్ధతి
(లక్సెట్టిపేటలో చేసిన స్మారకోపన్యాసం)



నా వెనక బ్యానర్ మీద, మనం ఈరోజు తలుచుకుంటున్న డాక్టరు గారి పూర్తి పేరు, డిగ్రీ ఉన్నయి. ఆ పేరుతో ఆయనను పిలిచినవాళ్ళు ఈ హాల్లో నలుగురైదుగురు ఉంటే ఎక్కువ. మిగతా అందరికీ ఆయన డాక్టర్ సాబే. నేనూ అట్లనే అంటాను. బ్యానర్ మీది పేరు చదువుతుంటే నాకు ఎవరో వేరే మనిషి గురించి మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆయన దవాఖాన చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండు బెంచీలు, ఒక స్టీలు ట్రే, స్పిరిట్ వాసన, గోడకు ఎప్పుడూ ఒక నెల వెనకబడి ఉండే క్యాలెండరు. పేషెంటును పెద్ద ఊరికి పంపాల్సి వస్తే ఆయన చిట్టీ రాసేవారు. ఆ చిట్టీ రాయడానికి ఆయనకు పట్టే సమయంలో ఇంకో డాక్టరు ముగ్గురిని చూసి పంపేవాడు. బయట బెంచీ మీదివాళ్ళు విసుక్కునేవాళ్ళు, అందులో మా నాన్న ఒకరు. 'కడుపునొప్పి' అని ఆయన రాయరు. 'బొడ్డు చుట్టూ తువ్వాల పిండినట్టు, తెల్లవారుజామున' అని రాస్తారు. రోగి ఏ మాట అంటే ఆ మాట.

షుగరు మీదనో బీపీ మీదనో మాట్లాడండి, నలుగురికీ పనికొస్తుందని నిర్వాహకులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి అటూఇటుగా వచ్చే కాన్సర్ల గురించి మాట్లాడతానన్నాను. మన ఊరు, చుట్టుపక్కల పల్లెలు కలిపినా ఒక్కో ఏడాది ఒక్క కేసూ ఉండదు. మరి ఎందుకంటే, డాక్టర్ సాబ్ నాకు నేర్పిన ఒకే ఒక్క పాఠం దీంట్లో ఉంది. అలవాటైన రోగాన్ని అనుభవం పట్టిస్తుంది. జీవితంలో ఒక్కసారి ఎదురయ్యే రోగం దగ్గర ఆ అనుభవమే కళ్ళకు అడ్డం పడుతుంది. అప్పుడు మనిషిని కాపాడేది చిట్టీ మీద రాసిన నాలుగు మాటలు. ఈ మాట గట్టిగా ఎందుకు అంటున్నానో మూడో భాగం దాకా వస్తే తెలుస్తుంది.

1

ముందు ఒక పని చేయండి. చూపుడు వేలు చెవి తమ్మె కింద, దవడ ఎముక మలుపు తిరిగే చోట పెట్టండి. నవ్వకండి బాబూ, పక్కవాడి చెవి కాదు, మీ చెవే. ఆ మెత్తటి చోట, చెవికి ముందూ కిందా పరుచుకుని ఉన్నది పెరోటిడ్ గ్రంథి. లాలాజల గ్రంథుల్లో అదే పెద్దది. దవడ కింద ఇంకో జత, నాలుక కింద ఇంకో జత. ఈ మూడు జతలు కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కంటికి ఆననంత చిన్నవి ఆరు వందల నుంచి వెయ్యి దాకా ఉంటయి. అన్నీ కలిసి రోజుకు లీటరుకు అటూఇటుగా ఉమ్మి ఊరిస్తయి. ఉప్పూ కారం అద్దిన పచ్చి చింతకాయ అని నేను అన్నంతనే ఇప్పుడు కొందరి నోట్లో ఆ గ్రంథులు పని మొదలుపెట్టినయి కూడా.

నాకు ఏడేండ్లప్పుడు చెంపలు రెండూ ఉబ్బితే మా అమ్మ డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. ఒక పక్కన మొదలైందా, రెండు పక్కలా ఒకేసారా? పులుపు తింటే గుంజుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? తర్వాత నోరు తెరవమని బుగ్గ లోపల, పై వరస రెండో దవడపన్ను ఎదురుగా టార్చి వేసి చూశారు. పెరోటిడ్ నాళం నోట్లోకి తెరుచుకునేది అక్కడే. అక్కడ చీము రాలేదు కాబట్టి గవదబిళ్ళలేనని చెప్పి, వేడి గంజి తాగించమని పంపారు. వైద్య కళాశాలలో ఈ సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

చెంప కింద వచ్చే వాపుల్లో ఎక్కువ భాగం కణితులు కావు. రెండు పక్కలా, జ్వరంతో, పిల్లలకు వస్తే గవదబిళ్ళలు. అన్నానికి కూర్చోగానే ఉబ్బి, గంట తర్వాత తగ్గితే నాళంలో రాయి. మన దగ్గర క్షయను ఎప్పుడూ మరిచిపోకూడదు, పెరోటిడ్ లోపలే లింఫు బిళ్ళలుంటయి, వాటికీ క్షయ సోకుతుంది. ఇవేవీ కాకుండా ఒక పక్కనే, గట్టిగా, నొప్పి లేకుండా, నెలల తరబడి మెల్లగా పెరుగుతూ చెవి తమ్మెను పైకి లేపే గడ్డ ఉందనుకోండి. దాన్ని కణితి కింద లెక్కకట్టాలి.

ఇక్కడ ఒక తిరకాసు లెక్క ఉంది. గ్రంథి ఎంత చిన్నదైతే అనుమానం అంత పెద్దది. పెరోటిడ్‌లో వచ్చే కణితుల్లో నాలుగైదింట ఒకటి కాన్సర్. దవడ కింది గ్రంథిలో దాదాపు సగం. నాలుక కింది గ్రంథిలోనైతే ఎక్కువ భాగం కాన్సర్లే. అంగిట్లో కందిగింజంత గడ్డను చూసి 'ఇంతే కదా' అనుకుంటాం. చెంప మీద నిమ్మకాయంత దానికి భయపడతాం. భయాన్ని అటుదిటు మార్చుకోవాలి.

2

సంక్రాంతికి మన ఇండ్లల్లో బియ్యప్పిండి ఎన్ని అవతారాలెత్తుతుందో మీకు చెప్పక్కర్లేదు. నువ్వులు, వాము కలిపి చేత్తో చుట్లు తిప్పితే సకినాలు. పాకంలో వేస్తే అరిసెలు. పప్పు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు అద్దితే సర్వపిండి. పళ్ళెంలో చూస్తే చిన్నపిల్లకు కూడా తేడా తెలుస్తుంది. కళ్ళు మూసి ఆవగింజంత ముక్క నాలుక మీద పెట్టి ఇదేమిటో చెప్పమంటే?

మా పని అదే. లాలాజల గ్రంథి ప్రధానంగా రెండు రకాల కణాలతో కట్టింది. ఉమ్మి ఊరించే తిత్తుల, దాన్ని మోసే నాళాల లోపలి గోడ కణాలు ఒకటి, వాటిని బయటి నుంచి పట్టుకుని పిండే మయోఎపిథీలియల్ కణాలు ఇంకొకటి. కణితుల్లో చాలా భాగం ఈ రెండింటినే రకరకాల పాళ్ళల్లో కలుపుకుని పుడతయి. మంచిదానిలోనూ అవే కణాలు, చెడ్డదానిలోనూ అవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1972లో వీటి మీద మొదటి వర్గీకరణ పుస్తకం వేసినప్పుడు పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండె. ఇప్పుడు ముప్పై దాటినయి. తల, మెడ భాగంలో వచ్చే కణితులన్నింటిలో వీటి వాటా నూటికి మూడు నుంచి ఆరు. అంత చిన్న వాటాలో ముప్పైకి పైగా రకాలు! ఒక పాథాలజిస్టు ఉద్యోగంలో చేరి రిటైరయ్యే లోపు వాటిలో కొన్నింటిని ఒక్కసారి కూడా చూడకపోవచ్చు.

సగానికి పైగా మాత్రం ఒకే రకం. ప్లియోమార్ఫిక్ అడినోమా. పేరు భయంగా ఉన్నా కాన్సర్ కాదు. దీనికీ ఒక మెలిక ఉంది, చివర్లో వస్తాను. ఇప్పటికి ఒక్కటి గుర్తుంచుకోండి: పెరోటిడ్ కణితి ఏది వచ్చినా 'ప్లియోమార్ఫిక్ అడినోమా' అని కళ్ళు మూసుకుని రాసినా సగం సార్లకు పైగా మన మాటే నిజమవుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన సౌకర్యం వైద్యంలో ఇంకోటి లేదు.

3

దాదాపు ఇరవై ఏండ్ల కింద, హైదరాబాదులో ఒక ల్యాబులో నేను కొత్తగా చేరాను. ల్యాబు పేరు అక్కర్లేదు, తప్పు నాది.

ఒకనాడు బీడీలు చుట్టే ఒకామె వచ్చింది. యాభైకి దగ్గరగా ఉంటుంది. చేతిలో బట్టల దుకాణం కవరు, కవరులో డాక్టర్ సాబ్ చిట్టీ. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. 'ఎడమ చెవి కింద గట్టి గడ్డ, రెండు సెంటీమీటర్లు. మూడేండ్లుగా. కదులుతున్నది, కానీ పూర్తిగా కాదు. మూతి వంకర లేదు. కన్ను మూతపడుతున్నది. ఇంతకుముందు కోయలేదు, వాత పెట్టలేదు. మెడలో బిళ్ళలు లేవు.' ఇదంతా ఇంగ్లీషులో ఉంది. చివర ఒక్క వాక్యం తెలుగులో: 'రాత్రిపూట చెంప లోపల చీమలు పాకినట్టుంటదంటున్నది.'

ఆ వాక్యం చదివాను. చదివి, చిట్టీని ట్రే కింద పెట్టాను.

సన్నసూదితో గడ్డలోంచి కణాలు లాగి మూడు స్లైడ్ల మీద పరిచాను. జీమ్సా రంగు వేశాను. మైక్రోస్కోపు కింద నీలం చుక్కల్లాంటి కణాలు, మధ్యలో గులాబీ రంగు పదార్థం. ప్లియోమార్ఫిక్ అడినోమాలో కూడా గులాబీ పదార్థం ఉంటుంది. అంతకుముందు నెలలోనే అవి ఆరు చూసి ఉన్నాను. ఏడోది రాయడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

పది రోజులకు పోస్టుకార్డు వచ్చింది. 'అమ్మా, రిపోర్టు అందింది. అందులో చీమలు ఎక్కడ పోయినయి? ఆమెకు ఇంకా పాకుతనే ఉన్నయి. వీలైతే స్లైడు మళ్ళొకసారి చూడు.'

నాకు కోపం వచ్చింది. నిజం చెప్తున్నా. మైక్రోస్కోపు నా దగ్గరుంది, ఎండీ నా దగ్గరుంది, ఎక్కడో గోదావరి ఒడ్డున కూర్చుని ఈయన నన్ను అడగడమేమిటని ఒక రోజంతా ఉడికాను. మర్నాడు ఎవరూ లేని టైం చూసుకుని స్లైడ్ల పెట్టె తీశాను.

మొదటి రెండు స్లైడ్లలో నేను చూసిందే ఉంది. మూడోది నేను నిజానికి సగమే చూశాను. దాని అంచున, రంగు కొంచెం మందంగా పడ్డ చోట, మూడు నాలుగు గుత్తులున్నయి. ప్లియోమార్ఫిక్ అడినోమాలో ఆ గులాబీ పదార్థం దూది పింజలాగా ఉంటుంది. అంచులు చెదిరి పోగులు పోగులుగా సాగుతుంది, కణాలు ఆ పోగుల మధ్య చిక్కుకుని ఉంటయి. ఈ అంచున ఉన్నది దూది కాదు. ఉడికిన సగ్గుబియ్యం. గుండ్రంగా, నున్నగా, గీత గీసినట్టు అంచున్న గులాబీ గోళాలు. కణాలు లోపల లేవు, గోళం చుట్టూ గట్టిగా అంటుకుని ఉన్నయి. ముదురు నీలం, చిన్నవి, ఒకదాని మీద ఒకటి ఒరిగినయి. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆమెను మళ్ళీ పిలిపించి, మళ్ళీ సూది వేసి, ఈసారి నాకంటే పెద్దవాళ్ళకు చూపించి, ఆపరేషనుకు పంపాం. తీసిన గడ్డను కోసి చూస్తే జల్లెడ కన్నాల్లాంటి ఆకారం స్పష్టంగా ఉంది. గడ్డ పక్కన ఉన్న ఒక సన్నటి నరం చుట్టూ కాన్సర్ కణాలు ఒరలాగా చుట్టుకుని ఉన్నయి. చీమలు దొరికినయి.

డాక్టర్ సాబ్ తర్వాత ఎప్పుడూ ఈ విషయం ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తితే, 'నాకు మాత్రం ఏం తెలుసమ్మా, ఆమె చెప్పింది, నేను రాసిన' అన్నారు.

4

ఆమె చెంపలో పాకింది ఏమిటో చెప్పాలి. పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచి ముఖ నరం పోతుంది. చెవి వెనక నుంచి ఒకటిగా వచ్చి, గ్రంథి లోపల ఐదు పాయలుగా చీలి, నుదురు నుంచి మెడ దాకా పరుచుకుంటుంది. కన్ను మూయడం, నవ్వడం, పుక్కిలించడం దాని పనులు. స్పర్శ తెలిపే నరాలు వేరే ఉన్నయి, అవీ అక్కడికే వస్తయి.

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాకు నరాలంటే చచ్చేంత ఇష్టం. 19వ శతాబ్దం మధ్యలో బిల్‌రోత్ అనే సర్జన్ దీని లోపలి స్తంభాల ఆకారం చూసి సిలిండ్రోమా అన్నాడు. 2009లో స్వీడన్ పరిశోధకులు దీని కణాల్లో ఎంవైబీ, ఎన్ఎఫ్ఐబీ అనే రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కున్నయని చూపించారు. ఈ రెండు సంగతుల మధ్య నూటయాభై ఏండ్లు, ఆ నూటయాభై ఏండ్లూ రోగులు చెప్పుకున్నది మాత్రం ఒకటే: తిమ్మిరి, జివ్వుమనడం, పాకడం, కారణం లేని సన్న నొప్పి. నరం తొడుగు వెంట కణాలు పాక్కుంటూ పోతయి, గడ్డకు దూరంగా, పుర్రె అడుగు దాకా కూడా. సర్జన్ గడ్డ మొత్తం తీశాననుకున్నా నరం వెంట కొంత మిగిలిపోవచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ ఇస్తారు. ఇది నెమ్మదిగా పెరిగే కాన్సర్. మొదటి ఐదేండ్లు చాలామంది బాగానే ఉంటారు. పదో ఏట, పదిహేనో ఏట ఊపిరితిత్తుల్లో కనిపించడం దీని అలవాటు. ఐదేండ్లు దాటింది కదా, ఇక లేదు అని ఫైలు మూసేసే కాన్సర్ కాదిది.

ఇదే సందర్భంలో మూతి వంకర గురించి. మన దగ్గర మూతి వంకర పోతే 'వాయువు కొట్టింది' అంటారు. చాలాసార్లు అది బెల్స్ పాల్సీ, ఒక రాత్రిలోనో రెండు రోజుల్లోనో వస్తుంది, వారాల్లో తగ్గడం మొదలవుతుంది. మెల్లగా వారాల మీద ముదిరే వంకర, మూడు నాలుగు నెలలైనా ఇసుమంత కదలని వంకర వేరు. అట్లాంటి మనిషి చెవి కింద వేలు పెట్టి చూడకుండా పంపకండి. మంచి కణితులు నరాన్ని పక్కకు నెడతయి, దాదాపు ఎప్పుడూ చంపవు. గడ్డ ఉండి మూతి వంకర పోయిందంటే కాన్సర్ కాదని తేలేదాకా కాన్సరే అనుకోవాలి.

ముందు వరస నుంచి ఒక చీటీ వచ్చింది. 'ఆమె బీడీలు చుడుతుంది అన్నారు, పొగాకు వల్ల వచ్చిందా?' మంచి ప్రశ్న. తునికాకు కోసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, తాగేవాళ్ళు అందరూ ఉన్న జిల్లాల్లో ఇది అడగకపోతేనే వింత. నోటి కాన్సర్‌కు పొగాకు కారణం, అందులో సందేహం లేదు. లాలాజల గ్రంథుల కాన్సర్లలో చాలావాటికి అట్లా గట్టి సాక్ష్యం లేదు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు టోనీ గ్విన్ పెరోటిడ్ కాన్సర్‌తో 2014లో చనిపోయాడు. ఏండ్ల తరబడి పెదవి కింద పొగాకు దట్టించడం వల్లనే వచ్చిందని ఆయన నమ్మాడు, శాస్త్రం మాత్రం ఆ ముడి ఇంకా వేయలేదు. పొగకు గట్టిగా ముడిపడ్డది వార్తిన్ ట్యూమర్. ఆల్డ్రెడ్ వార్తిన్ 1929లో వివరించాడు కాబట్టి ఆ పేరు. కాన్సర్ కాదు. పొగ తాగే పెద్దవయసువాళ్ళకు పెరోటిడ్ కింది కొసన మెత్తగా, ఒక్కోసారి రెండు పక్కలా వస్తుంది. సూది పెడితే ముదురు గోధుమరంగు, ఇంజిన్ ఆయిల్ లాంటి ద్రవం వస్తుంది. చిన్నప్పుడు తలకు, మెడకు తగిలిన రేడియేషన్ ఇంకో కారణం, హిరోషిమా, నాగసాకిల్లో బతికినవాళ్ళలో ఇది కనిపించింది. ఆ బీడీల అమ్మకు ఎందుకొచ్చిందంటే, నా దగ్గర జవాబు లేదు.

5

నా తప్పు నాలాంటివాళ్ళు లోకమంతా చేశారు. సూది పరీక్షలో చూసింది ఆవగింజంత, రాసే మాట మాత్రం పూర్తి పేరు. అందుకని 2015లో ఇటలీలోని మిలాన్‌లో కణశాస్త్ర నిపుణులు కూడి ఒక పద్ధతికి పునాది వేశారు. 2018లో పుస్తకంగా వచ్చింది, 2023లో రెండో కూర్పు. దాన్ని మిలాన్ పద్ధతి అంటాం.

వంటింటి పోపుల పెట్టెలాగా అందులో ఆరు అరలున్నయి. కణాలు సరిపోలేదు, మళ్ళీ సూది వేయండి. కణితి కాదు, వాపో ఇన్ఫెక్షనో. తేల్చలేకపోతున్నాం. కణితే. కాన్సర్ అనుమానం. కాన్సర్. నాలుగో అరకు మళ్ళీ రెండు గదులు: ఒకటి ఖాయంగా మంచిది, రెండోది 'కణితే, కానీ మంచిదో చెడ్డదో సూదితో చెప్పలేం'. ఈ రెండో గది కట్టినవాళ్ళకు నేను దండం పెడతాను. ఖాయంగా మంచిదని రాసినవాటిలో కాన్సర్ తేలేది నూటికి ఐదుకు లోపు. చెప్పలేం అన్న గదిలో మూడింట ఒకటి కాన్సర్ అవుతుంది. సర్జన్‌కు ఆ తేడా చాలు. ఎంత వెడల్పున తీయాలో, ఆపరేషన్ బల్ల మీదే గడ్డ ముక్కను గడ్డకట్టించి చూడాలో లేదో నిర్ణయించుకుంటాడు.

అప్పట్లో ఈ గది ఉంటే నేను అందులో వేసేదాన్నా? చిట్టీని ట్రే కింద పెట్టినదాన్ని, వేసేదాన్ని కానేమో.

6

పేర్ల గురించి కొంచెం. 2010లో చెక్ దేశంలోని ప్లజెన్ అనే ఊళ్ళో అలెనా స్కాలోవా అనే పాథాలజిస్టు తన దగ్గరున్న పాత బ్లాకులు తీసి మళ్ళీ చూసింది. ఎసినిక్ సెల్ కార్సినోమా అని ఏండ్ల కింద రాసిన కొన్ని ఆమెకు రొమ్ములో వచ్చే ఒక అరుదైన కాన్సర్‌లాగా కనిపించినయి. జన్యువులు చూస్తే నిజంగానే అదే అతుకు, ఈటీవీ6 జన్యువుకు ఎన్టీఆర్‌కే3 అతుక్కుని ఉంది. ఈరోజు దాన్ని సెక్రెటరీ కార్సినోమా అంటాం. 2018లో అమెరికాలో లారోట్రెక్టినిబ్ అనే మాత్రకు అనుమతి దొరికింది. ఆ మాత్ర ఎన్టీఆర్‌కే అతుకు ఉన్న కాన్సర్ల మీద, అవి ఒంట్లో ఎక్కడ పుట్టినా, పనిచేస్తుంది. పేరు మారేసరికి మందు కూడా దొరికిందన్నమాట.

నేను చెప్పదలుచుకున్నది ఆ బ్లాకు గురించి. తీసిన గడ్డ ముక్కను మైనంలో పోసి అగ్గిపెట్టెలో సగమంత దిమ్మ చేస్తాం. అది ఏండ్ల తరబడి చెడిపోదు. రిపోర్టు కాగితం ఈనాటి తెలివి, బ్లాకు రేపటి తెలివికి దాచిపెట్టిన ముడిసరుకు. మనవాళ్ళు ఎక్స్‌రేలు, స్కాన్లు కవర్లో చుట్టి అటక మీద ఇరవై ఏండ్లు దాస్తారు, బ్లాకు మాత్రం ఎవరూ అడగరు. అడగండి. రెండో అభిప్రాయానికి పోతున్నప్పుడు స్లైడ్లు, బ్లాకు చేతిలో ఉండాలి.

7

ఇక మన ఊరి చేతులు. ఆరెంపీ సోదరులు నొచ్చుకోవద్దు, సర్జన్లకూ ఇదే చెప్తాను.

చెవి కింద గడ్డను 'చిన్న బిళ్ళే, మత్తు సూది ఇచ్చి తీసేస్తా' అనకండి. ప్లియోమార్ఫిక్ అడినోమా మెలిక అన్నాను కదా, అది ఇదే. చూడటానికి నున్నటి గోలీలాగా ఉంటుంది, వేలితో ఒలిస్తే ఊడి వస్తుంది. దాని పైపొర చాలాచోట్ల పలచన, చిన్న చిన్న మొగ్గలు ఆ పొర దాటి బయటికి పొడుచుకొని ఉంటయి. ఒలిచినప్పుడు అవి గాయంలో గింజల్లాగా రాలిపోతయి. వెనకట ఇట్లా ఒలిచి తీసిన రోజుల్లో చాలామందికి తిరిగొచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు గోలీ ఒకటి ఉండదు, చర్మం కింద చల్లిన శనగల్లాగా ఉంటయి, మధ్యలో ముఖ నరం. అందుకే చుట్టూ ఆరోగ్యంగా ఉన్న గ్రంథితో కలిపి, నరాన్ని వెతికి పట్టుకుని, కాపాడుకుంటూ తీయాలి. తీయకుండా ఇరవై ఏండ్లు ఉంచుకున్నా మంచిది కాదు, కొన్ని కాన్సర్‌గా మారతయి.

సున్నం బెల్లం పట్టీ, పసరు, వాత. వీటితో గడ్డ తగ్గదన్నది ఒక సంగతి. చర్మం ఉడికి, పుండు పడి, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు అసలు లక్షణాలు కనిపించకుండా పోతయన్నది ఇంకో సంగతి. చర్మానికి అంటుకున్న గడ్డ కాన్సర్ గుర్తుల్లో ఒకటి. వాత పెట్టిన తర్వాత అది రోగం అంటించిందో కడ్డీ అంటించిందో నేను చెప్పలేను. అందుకే డాక్టర్ సాబ్ ప్రతి చిట్టీ మీద వాత పెట్టారో లేదో రాసేవారు.

'సూది పొడిస్తే కాన్సర్ పాకుతదట గదా' అని మీ ఇండ్లల్లో అంటారు. ఈ సూది ఇంజెక్షన్ సూదంత సన్నం. దానితో పాకడమన్నది పట్టించుకోవలసినంత లేదు. పరీక్ష చేయించని గడ్డ వల్ల జరిగిన నష్టం మాత్రం నా బల్ల మీద చాలాసార్లు చూశాను.

ముక్క తీసినవాళ్ళు దాన్ని వేయాల్సింది పది శాతం ఫార్మలిన్‌లో. ఉప్పునీళ్ళలో కాదు. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి, సీసా మూతి వెడల్పుగా ఉండాలి. ఒకసారి నాకు ఇంజెక్షన్ సీసాలో కుక్కిన గడ్డ వచ్చింది. లోపలికి ఎట్లా పోయిందో తెలియదు, గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా పగలగొట్టి తీశాను, ముక్కలో గాజు.

చిట్టీ మీద ఏం రాయాలో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. ఏ పక్క, ఎన్నాళ్ళుగా, ఈ మధ్య తొందరగా పెరిగిందా, నొప్పి లేక తిమ్మిరి ఉందా, మూతి, కన్ను ఎట్లున్నయి, మెడలో బిళ్ళలు, ఇంతకుముందు ఏం చేశారు. ఇప్పటికీ నాకు వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం మీద 'స్వెల్లింగ్' అని ఒక్క మాట ఉంటుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టినా నాకు ఏమీ కనబడదు.

దారి ఇప్పుడు దగ్గరైంది. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఏ గడ్డకైనా మంచిర్యాల స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు పోవాల్సిందే. 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రి అరుగుల మీద మన జిల్లా మనుషులు ఎప్పుడూ కనిపించేవాళ్ళు. 2022లో మంచిర్యాలకే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి వచ్చిన విద్యార్థులు ఎవరైనా ఈ హాల్లో ఉంటే వాళ్ళకొక మాట: మీ ప్రొఫెసర్లు అరుదైన పేర్లు చెప్పిస్తారు, నేర్చుకోండి. రోగి చెప్పిన ఉపమానాన్ని మాత్రం మీ ఇంగ్లీషులోకి మార్చకండి. చీమలు పాకినట్టుందని కాకుండా 'పారెస్తీషియా' అని డాక్టర్ సాబ్ రాసి ఉంటే నేను ఆ మాటను కూడా ట్రే కింద పెట్టేదాన్ని, కానీ ఆయన నన్ను మళ్ళీ అడగడానికి మాట మిగిలేది కాదు.

ఆమె సంగతి అడుగుతారని తెలుసు. ఆపరేషన్‌లో నరం పాయ ఒకటి తీయాల్సి వచ్చింది, ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. రాత్రి తడిబట్ట వేసుకుని పడుకుంటుంది. పదకొండో ఏట ఊపిరితిత్తుల్లో మూడు చుక్కలు కనిపించినయి. ఇప్పుడు ఐదున్నయి, పెద్దది బఠాణీ గింజంత. ఏటా ఒకసారి నా దగ్గరికి వస్తుంది, అదే రకం బట్టల దుకాణం కవరుతో. పోయినసారి కవర్లో ఎక్స్‌రేతో పాటు డాక్టర్ సాబ్ పాత చిట్టీ కూడా ఉంది. నేను తిరిగి ఇచ్చానట, నాకు గుర్తు లేదు. మడతల దగ్గర చినిగింది. చివరి తెలుగు వాక్యం మీద ఎప్పుడో చాయ్ ఒలికినట్టుంది. ఆమెకు చదువు రాదు. అందులో ఏముందని అడిగింది, చదివి వినిపించాను.

'ఔ, గట్లనే ఉండె' అంది.